‘పడు’ అనే చిన్న మాట

ఈ పూట మనం రెండు ఇంగ్లీషు మాటల దగ్గర కాసేపు ఆగుదాం. ఒకటి హ్యాపీనెస్. రెండోది సఫరింగ్. ఈ రెండూ మనకు కొత్తవి కావు. మన సికింద్రాబాద్‌కి మూడో నిజాం సికందర్ జా పేరు వచ్చింది 1806లో. ఆ రోజుల్లోనే ఇంగ్లీషు ఇక్కడికి పటాలాలతో వచ్చింది. వచ్చి దండుబజారులోనే ఆగిపోలేదు. ఆసుపత్రిలోకి వెళ్లింది, బడిలోకి వెళ్లింది, రైలెక్కింది, చివరికి వంటింట్లోకీ వచ్చింది. ఇవాళ మారేడ్‌పల్లిలో అయినా బోయిన్‌పల్లిలో అయినా, ‘హ్యాపీ’ అనే మాటకు అర్థం చెప్పమని ఎవరూ అడగరు. మనం అడగాల్సింది వేరే ఉంది. హ్యాపీనెస్ అంటే సుఖం, సఫరింగ్ అంటే దుఃఖం అని బడిలో నేర్చుకున్నాం కదా. ఆ సమీకరణం నిజంగా సరిపోతుందా? సరిపోదని నా అభిప్రాయం. ఎందుకు సరిపోదో మీతో కలిసి ఆలోచిస్తాను.

మీ ఇంట్లో బడికి వెళ్లే పిల్లలుంటే వాళ్ల లీవ్ లెటర్ ఒకసారి గుర్తు చేసుకోండి. ‘యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్’. ఎన్ని తరాలు మారినా ఆ వాక్యం మారలేదు. మన పిల్లల్లో చాలామందికి సఫరింగ్ అనే మాట మొదట పరిచయమయ్యేది అక్కడే. అదే పిల్ల ముందురోజు రాత్రి అమ్మతో ఏమంటుంది? ‘అమ్మా, నాకు జ్వరమొచ్చింది’ అంటుంది. ఉన్నది ఒకే జ్వరం. ఇంగ్లీషు వాక్యంలో కర్త పిల్ల. ఆ పిల్ల ఏదో చేస్తోంది, సఫర్ అవుతోంది. తెలుగు వాక్యంలో కర్త జ్వరం. జ్వరం వచ్చింది. రెండు రోజులుంటుంది. తర్వాత పోతుంది. పిల్ల మాత్రం ‘నాకు’ అనే మాటలో, వచ్చినదాన్ని వాకిట్లో నిలబడి చూస్తున్నట్టు ఉంది. ఈ తేడాని కాస్త మనసులో ఉంచుకోండి. మళ్లీ ఇక్కడికే వస్తాం.

ఇప్పుడు సంతోషం వైపు చూద్దాం. ఇంగ్లీషులో ‘ఐ యామ్ హ్యాపీ’ అంటారు. మాటకు మాట పెడితే, నేనే హ్యాపీ. ‘ఐ యామ్ టాల్’ అన్నట్టే ఉంటుంది వాక్యం. పొడుగు మనిషి గుణమైనట్టు, హ్యాపీ కూడా మనిషి గుణమైపోయింది. తెలుగులో పరీక్ష ఫలితం చూసుకున్న పిల్లవాడు ‘నాకు చాలా సంతోషంగా ఉంది’ అంటాడు. మళ్లీ ఆ ‘నాకు’. జ్వరానికి ఏ వాక్యమో సంతోషానికీ అదే వాక్యం. నాకు ఆకలేస్తోంది, నాకు దిగులుగా ఉంది, నాకు హాయిగా ఉంది. అన్నీ మనిషికి వచ్చేవే. ఇంగ్లీషు అలా కాదు. అక్కడ సుఖం ఒక విశేషణం, బాధ ఒక క్రియ. హ్యాపీ అనేది మనిషి ఉండే తీరు. సఫర్ అనేది మనిషి చేసే పని, లేదా మోసే బరువు. ఈ రెండూ ఒక జాతివి కావు. ఒక తక్కెడలో రెండు పళ్లాలు కావు. మన సుఖం, దుఃఖం మాత్రం కవలల్లాంటి మాటలు. ఒకదానికి ముందు ‘సు’, మరొకదానికి ముందు ‘దుః’. పుట్టుకతోనే జంట. ఆ జంట మన చెవిలో ఉంది కాబట్టి ఇంగ్లీషు మాటలు కూడా జంటేనని అనుకుంటాం.

నిజానికి ఇంగ్లీషులో సఫర్ అనే క్రియకు జోడీ అయిన క్రియ ఒకటుంది. అది ఎంజాయ్. ఒకాయన మంచి ఆరోగ్యాన్ని ఎంజాయ్ చేస్తారు, ఇంకొకాయన చెడ్డ ఆరోగ్యంతో సఫర్ అవుతారు. వ్యాకరణం ప్రకారం అదీ సరైన జత. కానీ ఎంజాయ్ అనే మాట సినిమాకీ షికారుకీ దిగిపోయింది. దాన్ని సఫరింగ్‌కి ఎదురుగా నిలబెడితే తేలిపోతుంది. అందుకే హ్యాపీనెస్‌ని తెచ్చి ఆ ఖాళీలో కూర్చోబెట్టారు.

ఈ మాటల పుట్టుక కూడా చూద్దాం. హ్యాపీలో ఉన్నది ‘హ్యాప్’ అనే పాత మాట. ఉత్తరాది సముద్రాల మీద తిరిగిన నార్స్ జనం భాష నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. దానికి అర్థం అదృష్టం, తటస్థపడిన సంగతి. హ్యాపెన్, పర్‌హ్యాప్స్, మిస్‌హ్యాప్ అన్నీ దాని చుట్టాలే. మొదట్లో హ్యాపీ అంటే అదృష్టం కలిసొచ్చినవాడు. సంతోషంగా ఉన్నవాడు అనే అర్థం తర్వాత వచ్చింది. సఫర్ లాటిన్ మాట. కింద నుంచి మోయడం దాని అర్థం. బరువు కింద భుజం పెట్టి నిలబడ్డ మనిషిని ఊహించుకోండి. అదీ సఫర్. ఓర్చుకోవడం, సహించడం, జరగనివ్వడం అనే అర్థాలు కూడా దానికి ఉండేవి. 1611 నాటి ఇంగ్లీషు బైబిలులో, పిల్లల్ని నా దగ్గరికి రానివ్వండి అని ఏసు చెప్పే చోట, ‘రానివ్వండి’ అనడానికి వాడిన మాట సఫరే. ఇవాళ ఆ అర్థం దాదాపు పోయింది. మోసేవాడి ఓర్పు పోయి బరువు ఒక్కటే మిగిలింది.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం రావాలి. మాట ఎక్కడ పుడితే ఏంటి? ఇవాళ ఏ అర్థంలో వాడుతున్నామన్నదే కదా ముఖ్యం? ఈ అభ్యంతరం న్యాయమైనది. దీనికి సాక్ష్యం మన ఊళ్లోనే ఉంది. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు ఇక్కడ, బేగంపేటలో, ఒక దోమను కోసి దాని పొట్ట గోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. ఆ భవనం ఇప్పటికీ ఆయన పేరుతోనే ఉంది. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. సరే, మలేరియా అంటే ఏమిటి? ఇటాలియన్ భాషలో చెడ్డ గాలి. చిత్తడి నేలల మీది చెడు గాలి వల్ల జ్వరం వస్తుందని అప్పటివాళ్లు నమ్మారు. ఆ జబ్బు గాలి వల్ల కాదని, దోమ వల్లనని చెప్పే గట్టి ఆధారం సికింద్రాబాద్‌లో దొరికింది. అయినా చెడ్డ గాలి అనే పేరు అలాగే ఉండిపోయింది. ఇవాళ మలేరియా అన్నప్పుడు ఎవరి మనసులోనూ గాలి మెదలదు. అంటే మాట పుట్టుక మాట అర్థాన్ని కట్టేయదు. ఒప్పుకుంటాను. హ్యాపీలో అదృష్టం దాగి ఉందనో, సఫర్‌లో మోత ఉందనో చెప్పి, అవే వాటి నేటి అర్థాలని నేను వాదించను. అదే జబ్బుని మనవాళ్లు చలిజ్వరం అన్నారన్నది మాత్రం గమనించండి. ఇటాలియన్ మాట కారణాన్ని ఊహించింది, ఊహ తప్పింది. తెలుగు మాట కారణం జోలికే పోలేదు. దుప్పట్లు కప్పినా వణికిపోతున్న మనిషిని చూసి పేరు పెట్టింది. ఆ పేరు తప్పడానికి వీల్లేదు.

రాస్ పరీక్షించిన దోమలకు తన రక్తం ఇచ్చిన మనిషి పేరు హుసేన్ ఖాన్. మలేరియాతో ఆసుపత్రిలో ఉన్నాడు. తనను కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా చొప్పున రాస్ అతనికి ఇచ్చాడు. వైద్య చరిత్రలో అతను హుసేన్ ఖాన్ అనే పేషెంట్. పేషెంట్ అంటే? అదీ లాటినే. సహించేవాడు అని. పేషెన్స్, అంటే ఓర్పు, పేషెంట్, అంటే రోగి, రెండూ ఒకే మాట పిల్లలు. మన ‘రోగి’ అనే మాటలో రోగం ఉంది. వాళ్ల పేషెంట్‌లో ఓర్చుకునే మనిషి ఉన్నాడు. ఇక్కడ ఇంగ్లీషుకే నా మొగ్గు. జబ్బు పేరుతో కాక, ఓర్చుకుంటున్న తీరుతో మనిషిని పిలవడం గొప్ప సంగతి.

మరి తెలుగులో ఓర్చుకునే మనిషికి మాట లేదా? ఉంది. కాకపోతే మనం వెతికే చోట లేదు. దుఃఖంలో లేదు, బాధలో లేదు. ‘పడు’ అనే చిన్న క్రియలో ఉంది. ఆయన ఎవరి చేతా మాట పడడు అంటాం. ఎన్ని పడ్డానో నాకు తెలుసు అంటుంది ఒకామె. పడ్డవాళ్లు చెడ్డవాళ్లు కారు అని సామెత. ఈ పడు సరిగ్గా పాత ఇంగ్లీషు సఫరే. భరించడం, సహించడం, మోయడం. ఇప్పుడు ఇంకో వైపు చూడండి. వాన పడింది అంటాం. చీకటి పడింది అంటాం. మన ప్రమేయం లేకుండా మన మీదికి వచ్చేదానికీ అదే మాట. అంటే హ్యాపీలో దాగిన ఆ పాత ‘హ్యాప్’, తటస్థపడటం, అదీ ఇందులోనే ఉంది. చూశారా, తటస్థపడటంలోనూ పడటమే! ఇంగ్లీషులో రెండు వేరు వేరు మాటలకు మూలమైన రెండు భావాలు తెలుగులో ఒకే క్రియలో కలిసి ఉన్నాయి. పైగా ఇవి నిఘంటువులో నిద్రపోతున్న అర్థాలు కావు. ఈ ఉదయం మోండా మార్కెట్లో బేరమాడిన నోళ్లలో ఉన్న అర్థాలు. అందుకే మాట పుట్టుక మీద వచ్చిన అభ్యంతరం దీనికి తగలదు.

అంతకన్నా పెద్ద సంగతి ఇంకోటి ఉంది. ఈ పడు ఒక్క బాధకే పరిమితం కాదు. బాధపడతాం, దిగులుపడతాం. అలాగే సంతోషపడతాం, సంబరపడతాం. కష్టపడతాం, సుఖపడతాం. ఇది మళ్లీ చెబుతాను, ఎందుకంటే నా వాదన అంతా దీని మీదే నిలబడింది. ఇంగ్లీషులో మనిషి బాధని మోస్తాడు, సుఖంగా ఉంటాడు. తెలుగులో మనిషి బాధా పడతాడు, సంతోషమూ పడతాడు. రెండూ మీదికి వచ్చేవే, రెండింటి కిందా భుజం పెట్టి తీసుకోవాల్సిందే. సంతోషాన్ని కూడా పడాలి. కూతురి పెళ్లి మంటపంలో నిలబడ్డ తల్లి మొహం ఎప్పుడైనా చూశారా? సంతోషాన్ని పడటం అంటే ఏమిటో అక్కడ తెలుస్తుంది.

పడు అనేది వట్టి సహాయక్రియ, నామవాచకాన్ని క్రియగా మార్చే అతుకు, దానికి ఇంత బరువు ఎక్కించకూడదు అని వ్యాకరణం తెలిసినవారు అనవచ్చు. కొంత నిజమే. ‘ఇష్టపడ్డాను’ అన్నప్పుడు ఎవరూ బరువు మోయరు. కానీ భాష ఆ అతుకుని గుడ్డిగా వాడదు. కాలు నొప్పి పెడుతుంది. కాలు నొప్పి పడదు. నొప్పి పడేది మనిషి. నెలలు నిండిన అమ్మాయిని ఆసుపత్రికి తీసుకెళ్లాక ఇంట్లోవాళ్లు ఫోనులో చెప్పుకునే మాట ఏమిటి? ‘నొప్పులు పడుతోంది’. పెట్టేది శరీరం, పడేది మనిషి. అమెరికాలో ఎరిక్ కాసెల్ అనే వైద్యుడు 1982లో ఒక వైద్య పత్రికలో ఒక వ్యాసం రాశాడు. నొప్పి వేరు, సఫరింగ్ వేరు అన్నాడు. సఫర్ అయ్యేది శరీరం కాదు, మనిషి అన్నాడు. వైద్యం నొప్పిని చూస్తోంది గాని మనిషి పడేదాన్ని చూడటం లేదని ఆయన ఆవేదన. ఆయన అంత శ్రమపడి విడదీసిన తేడాని మన ఇళ్లలో పెట్టు, పడు అనే రెండు మాటలు రోజూ విడదీస్తున్నాయి.

ఆ నొప్పులు పడుతున్న అమ్మాయి గురించి ఇంకొంచెం ఆలోచించండి. ఆమెది సఫరింగా? అవును, ఒళ్లంతా. ఆ ఇంట్లో అప్పుడున్నది దుఃఖమా? కాదు. అందరూ ఎదురుచూస్తున్నారు. సుఖానికి ఒక కొసా సఫరింగ్‌కి ఇంకో కొసా ఇచ్చి మధ్యలో కొలబద్ద పెడితే, ఆమెను ఏ అంకె దగ్గర నిలబెడతారు? ఈ కొలబద్ద ఆలోచన ఇంగ్లండులో జెరెమీ బెంథామ్ 1789లో ప్రచురించిన పుస్తకంలో బలంగా కనిపిస్తుంది. సుఖాలన్నీ ఒక వైపు కూడి, నొప్పులన్నీ ఒక వైపు కూడి, ఒకదాంట్లోంచి ఒకటి తీసేయవచ్చని ఆయన నమ్మాడు. ఆయన ఉద్దేశం మంచిదే. రాజుల ఇష్టం వచ్చినట్టు కాక, జనం సుఖం చూసి చట్టాలు చేయాలన్నాడు. ప్రభుత్వాలకు కొలతలు కావాలి, కాదనను. కానీ కొలిచేవాళ్లకే హ్యాపీనెస్ అనే మాట మీద నమ్మకం తక్కువ. 2012 నుంచి వస్తున్న ప్రపంచ సంతోష నివేదికలో దేశాలకు ర్యాంకులు ఇస్తారు కదా. ఆ ర్యాంకుల కోసం మనుషుల్ని అడిగే ప్రశ్నలో ‘హ్యాపీ’ అనే మాటే ఉండదు. ఒక నిచ్చెనను ఊహించుకోమంటారు. అడుగున సున్నా, పైన పది. మీకు సాధ్యమైనంత మంచి జీవితం పైమెట్టు మీద ఉందనుకుంటే, మీరిప్పుడు ఏ మెట్టు మీద ఉన్నారు అంటారు. అడిగింది నిచ్చెన గురించి, పత్రికల్లో శీర్షిక సంతోషం గురించి.

నొప్పి విషయంలోనూ అంతే. చాలా ఆసుపత్రుల్లో, సున్నా నుంచి పది వరకు మీ నొప్పి ఎంత అని అడుగుతున్నారు. ఆ ప్రశ్న పనికొస్తుంది, మందు పనిచేసిందో లేదో తెలుస్తుంది. కానీ అంకె ఒక్కటే చాలదని కెనడాలో రోనాల్డ్ మెల్జాక్ 1975లోనే మాటలతో ఒక ప్రశ్నావళి తయారుచేశాడు. పొడుస్తోందా, మండుతోందా, కొరుకుతోందా అని రోగి చేతే మాట ఎంచుకోనిచ్చాడు. మనకు ఆ మాటలకు కొదవేమిటి? సలుపు, పోటు, గుంజుడు, తీపు. తల పోటుకీ మోకాలి సలుపుకీ తేడా మన పెద్దవాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఊరి నుంచి గాంధీ ఆసుపత్రికి వచ్చిన ఒక పెద్దమ్మను అంకె అడిగితే తికమకపడుతుంది. ‘ఎట్లుంటదమ్మా నొప్పి, సలుపుతదా, గుంజుతదా?’ అని అడిగితే వివరంగా చెబుతుంది. ఆ తర్వాత ఎన్ని రోజుల నుంచి గోస పడుతోందో కూడా చెబుతుంది. మొదటిది నొప్పి లెక్క. రెండోది మనిషి లెక్క.

ఇదంతా విని, తెలుగు ఒక తీరు, ఇంగ్లీషు ఒక తీరు, భాషే మనిషి తలరాత అంటున్నారా అని మీరు అడగవచ్చు. అనను. ‘నేను సంతోషంగా ఉన్నాను’ అని తెలుగులోనూ అంటాం. ఆ నిమిషం గురించి కాక మొత్తం బతుకు గురించి చెప్పేటప్పుడు ఎక్కువగా అలా అంటాం. ఇక ఇంగ్లీషు కూడా ఒకప్పుడు మన దారిలోనే ఉండేది. పాత ఇంగ్లీషులో ‘నాకు ఆకలవుతోంది’, ‘నాకు నచ్చుతోంది’ అనే తీరు వాక్యాలుండేవి. పాత నాటకాల్లో వినబడే ‘మీథింక్స్’ ఆ ఇంటి చివరి మనిషి. దాని అసలు అర్థం ‘నాకు అనిపిస్తోంది’. ఆ తర్వాత ఇంగ్లీషు ఆ ‘నాకు’ని వదులుకుని అన్నిచోట్లా ‘ఐ’ పెట్టుకుంది. కాబట్టి ఇది జాతుల తేడా కాదు, అలవాటు తేడా. సికింద్రాబాద్ స్టేషన్లో రైలు ఆలస్యమైనప్పుడు విని చూడండి. ఇంగ్లీషు ప్రకటనలో విచారిస్తున్నది ఎవరో తెలియదు, విచారించబడింది అంతే. తెలుగులో ‘మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము’. అందులో మీకూ చోటుంది, చింతించే ‘మేము’కీ చోటుంది. అంటే ఇంగ్లీషు ప్రతిసారీ మనిషినే ముందు పెడుతుందని కూడా చెప్పలేం.

మన ఊరి తెలుగుకి ఇంకో బలం ఉంది, ఉర్దూ. బాధని తక్లీఫ్ అంటాం. అరబ్బీలో దాని అర్థం భారం మోపడం, బాధ్యత పెట్టడం. మన ‘బాధ్యత’ అనే మాట కూడా ‘బాధ’ వేరు నుంచే వచ్చింది. లాటిను, అరబ్బీ, సంస్కృతం. మూడు దూరపు భాషలు. మూడింట్లోనూ బాధ మాటలో బరువో ఒత్తిడో ఉంది, దాన్ని తీసుకునే మనిషి ఉన్నాడు. ఆ మనిషిని మరిచిపోయి, సఫరింగ్ అంటే కేవలం లేకుండా పోవాల్సిన చెడు అని అనువదించుకుంటే మన దగ్గరున్నది మనమే పారేసుకుంటాం. బాధ మంచిదని నేను అనడం లేదు. జ్వరానికి మందు వేయాల్సిందే, దోమను చంపాల్సిందే. పడుతున్న మనిషి కనబడాలన్నదే నా తపన.

ఇవాళ మల్కాజ్‌గిరిలోనో అల్వాల్‌లోనో ఒంటరిగా ఉన్న తల్లికి డాలస్ నుంచో సిడ్నీ నుంచో కొడుకు ఫోన్ చేస్తాడు. ‘అమ్మా, హ్యాపీగా ఉన్నావా?’ అంటాడు. ప్రేమతోనే అంటాడు. కానీ ఆ ప్రశ్నకు రెండే జవాబులున్నాయి. అవునంటే మాట అయిపోతుంది. కాదంటే కొడుకు కంగారుపడతాడు. అందుకని ఆమె ‘ఆ, హ్యాపీయే నాన్నా’ అంటుంది. అదే వాడకట్టులో పక్కింటామె వచ్చి కూర్చుంటే ఆ ప్రశ్న రాదు. ఇద్దరూ కష్టసుఖాలు మాట్లాడుకుంటారు. తెలుగులో ఆ మాటకు రెండు కొసలు లేవు, అది ఒకే మాట. పైగా కష్టమే ముందు. రాత్రంతా మోకాలు సలిపిందని, మందులకు మళ్లీ వెళ్లాలని, నిన్న కింది వాటా పాప పుట్టినరోజుకి పాయసం చేసి తానెంత సంబరపడిందో కూడా ఆ తల్లి ఒకే గుక్కలో చెబుతుంది. మధ్యలో ఎక్కడా ఆగదు.